పేదవాని సాక్ష్యము

గత వేసవి సెలవులలో నవాబుపేటలోని యొక మిత్రుని యింట పదిమందిమి కూడి మెక్సికో దేశపు పాత చలనచిత్రము నొకదానిని జూచితిమి. దాని పేరును మన భాషలో ‘మేము పేదలము’ అనవచ్చును. ఇస్మాయెల్ రోడ్రిగెజ్ దర్శకత్వమున 1948వ సంవత్సరమున వెలువడిన యా చిత్రమును ఆ దేశమువారు నేటికిని మఱచిపోలేదు. పాత్రలు మాటాడునది స్పానిషు భాష. తెర క్రింద నింగ్లీషులో వచ్చు మాటలను నేను తెలుగున జెప్పుచుండగా ఇంటిలోని స్త్రీలు, పెద్దలు, పిల్లలు వినుచు జూచుచుండిరి.

కథ సంగ్రహముగా నిది. మెక్సికో నగరమునందలి పేదలవాడలో పేపే యను వడ్రంగి కాపురముండును. కదలలేని, మాటాడలేని ముసలితల్లియు, తన కూతురని చెప్పి పెంచుకొనుచున్న యొక బాలికయు ఆతని సంసారము. ఒక పనికి బయానాగా దెచ్చుకొన్న నాలుగువందల పెసోలను వ్యసనపరుడొకడు ఇల్లు జొచ్చి దొంగిలించును. ముసలితల్లి కన్నులార జూచును. చెప్పుటకు నోరు లేదు. ఆ పైకము నెట్లయినను సమకూర్చుకొనవలెనని పేపే వడ్డీవ్యాపారము చేయు నొక స్త్రీని ఆశ్రయింపబోవును. ఆమె హత్యకు గుఱియగును; నేరము పేపేపై బడును. ఆతడు చెఱసాల పాలగును, ఇల్లు చెదరిపోవును. తుదకు చెఱసాలలోనే అసలు హంతకుని గుర్తించి, వానితో దలపడి, వాని కంటిని సైతము పోగొట్టి నిజము చెప్పించి పేపే విముక్తుడగును.

బొమ్మ ముగియునప్పటికి మిత్రుని తల్లిగారు చీరచెఱగుతో కన్ను లొత్తుకొనుచుండిరి. తెలుగు చెప్పుచున్న నా గొంతు గూడ నడుమనడుమ పూడుకొనిపోయెను. రాత్రి యింటికి నడిచి వచ్చుచుండగా ఆ మూగతల్లి కన్నులు నన్ను విడువలేదు. పేపేకు వచ్చిన కష్టములన్నిటికి పేదఱికమొక్కటే మూలమా యని నన్ను నేను ప్రశ్నించుకొంటిని. ఆ వాడలో పేదలు వందలున్నారు. కష్టపడుచు, పాడుకొనుచు, తగవులాడుకొనుచు బ్రతుకుచునే యున్నారు. పేపేను కూలద్రోసినది, ‘నేను చంపలేదు’ అని యాతడు మొఱపెట్టుకొన్నప్పుడు ఆ మాటకు విలువ లేకపోవుట. అదే మాటను నగరములోని యొక సంపన్నుడు పలికియున్న యెడల అధికారులు కనీసము కూర్చుండబెట్టి వినియుందురు.

ఈ వ్యాసమున నేను చెప్పదలచిన దొక్కటే. పేదవాని కన్నీటిని మనము నమ్ముదుము గాని పేదవాని మాటను నమ్మము. నమ్మకమును దాచుకొని కన్నీటిని మాత్రము పంచిపెట్టు లోకమున పేదవానికి న్యాయము చేకూరదు. ప్రేక్షకుని యేడిపించుటతోనే తన పని ముగిసెనని తలచు చలనచిత్రము, ఎంత సదుద్దేశముతో దీసినదైనను, ఈ యన్యాయమునకు దోడ్పడుచున్నదే గాని యడ్డుపడుట లేదు.

సంస్కృతనాటకములు చదివినవారికి ఈ కథ వినగానే శూద్రకుని మృచ్ఛకటికము జ్ఞప్తికి వచ్చును. చారుదత్తుడు దాతృత్వముచే దరిద్రుడైన సజ్జనుడు. వసంతసేనను గొంతు పిసికి చంపితినని తలచిన శకారుడు ఆ నేరమును చారుదత్తునిపై మోపును. శకారుడు రాజుగారి బావమఱది. న్యాయాధికారి మొదట వాని యభియోగమును నాటికి వాయిదా వేయజూడగా, రాజుతో జెప్పి నిన్ను తొలగింపింతునని వాడు బెదరించును. అంతటితో విచారణ మొదలగును. చారుదత్తుని చెలికాడగు మైత్రేయుని యొద్దనుండి వసంతసేన నగలు జాఱిపడుటయే సాక్ష్యమగును. చారుదత్తునకు మరణదండనము విధింపబడును.

ఈ నాటకమును పాఠముగా జెప్పు పండితులు సాధారణముగా చారుదత్తుని దారిద్ర్యవర్ణనము దగ్గఱ నిలిచి, దాని సొగసును పొగడుదురు. నేనును చిరకాలము అచ్చటనే నిలిచితిని. కాని యిందు స్థావరకుడను మఱియొకడు గలడు. వాడు శకారుని బానిస. జరిగిన దెఱిగిన సాక్షి. వాడు నోరు విప్పకుండుటకై శకారుడు వానిని మేడపై సంకెల వేసి బంధించును. చారుదత్తుని వధ్యస్థానమునకు గొనిపోవు చాటింపు విని, ఆ బానిస ప్రాణములకు దెగించి మేడపైనుండి క్రిందికి దుముకును. అందఱ యెదుట నిజము జెప్పును. అప్పుడు శకారు డేమనును? వీడు నా బంగారము దొంగిలించి దెబ్బలు తిన్నవాడు, ఆ కక్షచే నిట్లనుచున్నాడనును. తలారులు సైతము యజమానుని మాటనే నమ్ముదురు. మెక్సికో చిత్రములోని సాక్షికి నోరు లేదు. మన నాటకములోని సాక్షికి నోరున్నను వినువారు లేరు. ఈ రెంటికిని భేద మేమున్నది?

అయితే శూద్రకునిలో నొక విశేషము గలదు. చారుదత్తుడు ముష్టియుద్ధము చేసి బయటపడలేదు. వసంతసేన సజీవురాలై వచ్చి నిలిచినది. అదే సమయమున దుష్టుడైన పాలకుడు కూలి, ఆర్యకుడను గోపాలకుడు రాజయ్యెను. స్థావరకుడు దాస్యమునుండి విడుదల పొందెను. బానిస మాటకు విలువ కలుగవలెనన్న రాజ్యము మాఱవలెనని ఆ ప్రాచీనుడు గ్రహించినట్లున్నది.

ఒకరి తప్పు లెన్నువాడు ముందు తన తప్పు చెప్పుకొనుట ధర్మము. పూర్వము నేను పనిచేసిన యొక పాఠశాలలో విహారయాత్రకై పిల్లలయొద్ద వసూలు చేసిన పైకములో 1,200 రూపాయలుగల కవరొకటి కనబడకపోయెను. ఎనిమిదవ తరగతిలో నొక బాలుడుండెను. వాని తల్లిదండ్రులు ఇండ్లు కట్టు కూలిపనికై హైదరాబాదు పోయియుండిరి. వాడు అవ్వయొద్ద నుండి చదువుకొనుచుండెను. తరగతి మొత్తములో యాత్రకు చందా చెల్లింపనివాడు వాడొక్కడే. మధ్యాహ్నము వాడు గదిలోనే యుండెనని యొకరు చెప్పిరి. నాకు మఱి సాక్ష్య మక్కఱలేకపోయెను.

“నేను తియ్యలేదు సార్” అని వాడు మూడుమాఱు లనెను. నేను వాని సంచిని నలుబదిమంది యెదుట దులిపించితిని. రెండు నోటుపుస్తకములు, అన్నము తిని కడిగిన గిన్నె, మడిచిన చొక్కా యొకటి బయటపడినవి. కవరు దొరకలేదు. అంతటితో నైనను నా యనుమానము తీఱలేదు. ఎక్కడనో దాచి వచ్చెననుకొంటిని. మఱునాటినుండి వాడు బడికి రాలేదు. పండ్రెండు దినముల పిమ్మట హాజరుపట్టీ అట్టకు వేసిన కాగితము లోపల, నేనే భద్రముగా నుంచి మఱచిన కవరు నా చేతికి దగిలెను.

వెంటనే వాని యింటికి బోయితిని. వాడు తల్లిదండ్రులయొద్దకు పోయెనని యవ్వ చెప్పెను. దసరాకు తల్లి యూరికి వచ్చినదని తెలిసి మరల బోయి, జరిగినది చెప్పి, క్షమింపుమని వేడితిని. ఆమె కోపపడలేదు. “తియ్యలేదని పోరడు ఆ దినమే జెప్పిండు గద సారూ” అనెను. అంతకుమించి యొక్క మాట యనలేదు. వాడు మరల బడికి రాలేదు. నగరమున సెంట్రింగు పనిలో కుదిరెనని వింటిని.

నేను క్రూరుడనని చదువరు లనుకొనవలదు. బీదపిల్లలకు పుస్తకములు కొనిపెట్టుచుండువాడను. బీదల కథలు పాఠముగా జెప్పునప్పుడు నా కన్నులు చెమర్చుచుండెను. ఆ బాలుడు ఆకలియని యేడ్చియుండిన యెడల నా భోజనము వానికి బెట్టియుందును. వాడు అన్నము అడుగలేదు, తన మాట నమ్ముమని యడిగెను. అది మాత్రము నాయొద్ద లేకపోయెను.

ఇక మన తెలుగు తెరను బరికింతము. మన వారి తొలి యత్నములు గౌరవింపదగినవి. గూడవల్లి రామబ్రహ్మముగారు 1938లో చలముగారి కథతో, తాపీ ధర్మారావుగారి మాటలతో ‘మాలపిల్ల’ను దీసి, ఆలయప్రవేశమును, అస్పృశ్యతను ప్రజల యెదుట బెట్టిరి. మఱుసటి యేట ‘రైతుబిడ్డ’లో జమీందారీ దౌర్జన్యమును జూపిరి, బళ్ళారి రాఘవగారు అందు రైతుగా నటించిరి. జమీందారులు కొందఱు దానిపై మండిపడిరి. వారు మండిపడుట సహజమే. ఆ బొమ్మలో రైతు కేవలము ఏడ్చియుండిన యెడల వారికి నష్టము లేదు. అతడు తన పక్షమును తాను జెప్పుకొనెను గనుకనే వారికి గిట్టలేదు.

1954లో మార్కు ట్వెయిను నవల ననుసరించి వచ్చిన ‘రాజుపేద’ను పిల్లలతోగూడ జూచినవారెందఱో యున్నారు. రాకుమారుడును బీదబాలుడును బట్టలు మార్చుకొందురు. చిఱుగుబట్టలలో నున్న రాకుమారుడు తాను రాకుమారుడనని యెంత మొత్తుకొన్నను ఎవ్వరును నమ్మరు. పట్టుబట్టలలో నున్న బీదవాడు తాను రాకుమారుడను గానన్నను అదియు నమ్మరు. మనిషి మాఱలేదు, మాఱినవి బట్టలు. ఈ కథను నవ్వుచు జూచి యింటికి బోయితిమే గాని, ఆ నవ్వు మనమీదనే యని గుర్తింపమైతిమి.

1981లో బాలచందరుగారి ‘ఆకలిరాజ్యము’ వచ్చెను. ఉద్యోగము దొరకక ఢిల్లీ నగరమున నలమటించు తెలుగు పట్టభద్రుల కథ యది. తినుటకేమియు లేకున్నను విందారగించుచున్నట్లు ఆ యువకులు నటించు ఘట్టమును జూచి కంటతడి పెట్టనివాడు లేడు. కాని మనమొక సంగతి నొప్పుకొనవలెను. చదివినవాని యాకలి మనకు వెంటనే యాకలిగా దోచినది. వాడు మనవంటివాడు, మన భాష మాటాడువాడు, కవిత్వము వల్లించువాడు. అదే నగరమున వానికి ముందునుండియు నాకలిగొనియున్న రిక్షావాని సంగతి మన కంతగా దోచలేదు. రెండేండ్లకు, 1983లో, బి. నర్సింగరావుగారు ‘రంగులకల’ దీసి, తామే చిత్రకారుని పాత్ర ధరించి, హైదరాబాదు నగరమునందలి శ్రమజీవుల నడుమ మసలిరి. బొమ్మ గీయువానికిని, ఆ బొమ్మలో గీయబడువానికిని ఎట్టి సంబంధముండవలెనను ప్రశ్న ఆ చిత్రమును జూచిన వానిని వదలదు. దానికి జాతీయ బహుమానము వచ్చెను. జనము మాత్రము దానికొఱకు బారులు తీఱలేదు.

బారులు తీఱినవి వేఱు చిత్రములకు. వానిలోని పేదవాని లక్షణములు మీకు విదితములే. వాడు అబద్ధమాడడు, తల్లిని దైవముగా జూచును, ధనికుని బిడ్డను ప్రమాదమునుండి కాపాడును, అన్యాయము మితిమీఱినప్పుడు నూఱుగురిని ఒంటిచేతితో మట్టికఱపించును. పిడికిలి గట్టిదైనచో న్యాయము దొరకును. పిడికిలి లేని ముసలివానికి, ఆడుదానికి, పసివానికి అచ్చట న్యాయము లేదు. పేపే కథయు ఈ విషయమున మన బొమ్మలకు చుట్టమే. కారాగారములో పోట్లాడి గెలువలేని వడ్రంగి యేమగునో ఆ చిత్రము చెప్పదు.

అంతకంటె ఘోరమైన దింకొకటి గలదు. బ్రిటిషు ప్రభుత్వము 1871లో కొన్ని జాతులను పుట్టుకచేతనే నేరస్థులుగా ముద్రవేయు శాసనము చేసెను. 1911 నాటి శాసనముతో అది మద్రాసు రాజధానికిని వర్తించెను. బాపట్ల ప్రాంతమున ఎఱుకలవారిని చేర్చి, సాల్వేషను ఆర్మీ యను క్రైస్తవసంఘమువారి పెత్తనమున నెలకొల్పిన స్థావరమే స్టువర్టుపురము. నేరము చేసినవాడెవడు, చేయనివాడెవడు అను విచారణ లేక, పసిబాలుడు మొదలు అందఱును అనుమానితులే. ఇట్టి చట్టము క్రింద ‘నేను తీయలేదు’ అను వాక్యమునకు అర్థమే లేదు. స్వతంత్రభారతము 1952లో ఆ శాసనమును రద్దుచేసెను. మన తెర రద్దుచేసెనా? 1991వ సంవత్సరమొక్కదానిలోనే ఆ యూరి పేరును తగిలించుకొని రెండు చిత్రములు వచ్చినవి. ఒకదాని పేరులో దొంగలను మాటయే యున్నది. 2023లో అదే యూరివాడైన యొక దొంగ కథ భారీవ్యయముతో మరల తెరకెక్కెను. ఆ యూర ఉపాధ్యాయులున్నారు, ఉద్యోగులున్నారు, కష్టించి పండించుకొను రైతులున్నారు. వారి యభ్యంతరములు ఎవరికి వినబడెను? చెఱసాల నిబంధనలలో ఇట్టి జాతుల పేరెత్తి చూపిన భేదములను సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3వ తేదీన కొట్టివేసినది. న్యాయస్థానమునకు తోచినది చిత్రనిర్మాతలకు తోచుట కెంతకాలము పట్టునో!

నా వాదమునకు మూ డాక్షేపణలు రాగలవు. మొదటిది: సినిమా వినోదార్థమే గదా, దానికింత ధర్మవిచార మేల? అని. వినోదమునకు నేను విరోధిని గాను. పేదవానిని జూపక వినోదింపజేసినచో నా కభ్యంతరము లేదు. వాని బ్రతుకును మూలధనముగా జేసికొని వ్యాపారము చేయువాడు మాత్రము వానికి లెక్క చెప్పవలసియున్నది.

రెండవది: కన్నీరు దయకు మొదలు గాదా? అని. ఇది బలమైన యాక్షేపణ. డికెన్సు ‘ఆలివర్ ట్విస్టు’ వ్రాసి ఇంగ్లాండులోని యనాథశరణాలయముల దుస్థితిని లోకమునకు జాటెను. చదువరులు కన్నీరు గార్చిరి. అందువలన మేలే కలిగెను. కాదనను. కాని మన యాలంకారికు లీ విషయమున మనకంటె నిజాయితీపరులు. సాహిత్యదర్పణము రచించిన విశ్వనాథుడు కరుణరసమునందు సైతము సహృదయునకు కలుగునది పరమసుఖమే యని తేల్చిచెప్పెను. దుఃఖమే యైనచో మరల మరల జూడబోవువా డెవ్వడని యాతని ప్రశ్న. కావున తెర యెదుట మనము గార్చు కన్నీరు మనకు దక్కిన సుఖము. పేదవానికి ముట్టిన దానము కాదు. సుఖమనుభవించి వచ్చి, దానము చేసితిమను తృప్తితో నిద్రించుటయే నేను ఖండించుచున్నాను.

మూడవది: పేదలలో దొంగలు, అబద్ధికులు లేరా? అందఱి మాటయు నమ్మవలెనా? అని. ఉన్నారు, ధనికులలో నున్నట్లే యున్నారు. ఈ ప్రశ్నకు మెక్సికోనుండియే సమాధానము వచ్చినది. ‘మేము పేదలము’ వచ్చిన రెండేండ్లకు, 1950లో, లూయీ బున్యుయేలు ‘లోస్ ఓల్విదాదోస్’ అను చిత్రమును, అనగా మఱువబడినవారి కథను, అదే నగరమున దీసెను. అందు పేదలు దేవతలు గారు. గ్రుడ్డివాడు సైతము దుర్మార్గుడే. పేద్రో యను బాలుడు పనిచేయుచున్న కొట్టులో నొక కత్తి పోవును. తీసినది మఱియొకడు, నేరము వానిపై బడును. కన్నతల్లియే వాని మాట నమ్మదు. వాని నుంచిన దిద్దుబాటు పాఠశాలలో అధికారి యొకడు వానికి ఏబది పెసోల నోటిచ్చి, తలుపు తెఱచి, బయటికి బోయి సిగరెట్లు తెమ్మని పంపును. ఆ బాలుని జీవితమున వానిని నమ్మినవాడు ఆ యొక్కడే. బాలుడు నిజముగనే తిరిగి రావలెననుకొనును. వీధిలో కాచుకొనియున్న పాతస్నేహితుడు ఆ నోటును లాగుకొనును. తుదకు ఆ బాలుని శవము చెత్తకుప్పలో బడును.

ఆ బొమ్మను జూచి మెక్సికో నగరమునందలి పెద్దలు కోపించిరి. దేశమునకు అపకీర్తి యని గోలచేయగా కొలది దినములలోనే ప్రదర్శన నిలిచిపోయెను. 1951లో కాన్ ఉత్సవమున ఉత్తమదర్శకుడను బహుమానము వచ్చిన పిమ్మట దానిని మరల ఆడించిరి. ‘మేము పేదలము’ చూచి పరవశించిన నగరము ‘మఱువబడినవారి’ని జూచి యేల మండిపడెను? మొదటిది పేదలు మంచివారు గనుక జాలిపడుమన్నది. రెండవది వారు మంచివారైనను కాకున్నను మనుష్యులు, వారి మాట వినుమన్నది. జాలిపడుట సులభము.

మన భాషలోను ఇట్టి చిత్రమొకటి గలదు. ప్రేమచందుగారి ‘కఫన్’ కథ నాధారముగా జేసికొని మృణాల్ సేనుగారు 1977లో తెలుగున ‘ఒక ఊరి కథ’ దీసిరి. అందలి వెంకయ్య సోమరి, మొండివాడు, కఠినుడు. మనము పనిచేసినకొలది బలియునది భూస్వామియే గదా యని వాడనును. వాని నడవడిని మెచ్చుకొనుట యెవరికిని సాధ్యము కాదు. వాని లెక్కలో తప్పు చూపుటయు సాధ్యము కాదు. నమ్మకము సద్గుణమునకిచ్చు బహుమానమని మనము భ్రమపడుచున్నాము. మాట చెప్పుకొనుటకు, ఆ మాటను విచారింపజేసికొనుటకు ప్రతివానికిని హక్కు గలదు. విచారించిన పిమ్మట అబద్ధమని తేలినచో శిక్షింపుడు. విచారింపకమున్నే శిక్షించుట నావంటి యుపాధ్యాయుడు చేసిన పని.

ఇది తెరకు, తరగతిగదికి మాత్రమే సంబంధించిన సంగతి కాదు. 2022వ సంవత్సరాంతపు సర్కారు లెక్కల ప్రకారము మన దేశపు చెఱసాలలలో నున్నవారిలో నూటికి 75 మందికి పైగా విచారణ ముగియనివారే. జామీను సొమ్ము కట్టలేక లోపల నుండిపోయిన పేపేలు వారిలో నెందఱో. నేరము రుజువైనను పడదగిన శిక్షకు మించినకాలము విచారణ లేకయే బీహారు చెఱసాలలలో మ్రగ్గుచున్నవారి సంగతి పత్రికలలో రాగా, పుష్పా కపిలా హింగోరాణి యను న్యాయవాదిని దానిని సుప్రీంకోర్టు ముందుంచిరి. 1979లో హుస్సేనారా ఖాతూన్ వ్యాజ్యమున సత్వరవిచారణ ప్రతివాని ప్రాథమికహక్కని ఆ న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ తీర్పు చదివి యెవ్వరును కన్నీరు గార్చలేదు. అయినను తీర్పు చెప్పిన పిదప చెఱసాల తలుపులు తెఱచుకొన్నవి.

మాకు సమీపమున అనంతగిరి కొండలలో మూసీనది పుట్టుచున్నది. శంకరపల్లి ప్రాంతము దాటి, గండిపేట చేరి, హైదరాబాదు నగరమధ్యముగా బ్రవహించుచున్నది. ఆ నీరు పోయిన దారినే మా పల్లెల కూలివారును పోవుచున్నారు, అడ్డామీద నిలుచుచున్నారు, ఎవరి బంగళానో కట్టి, తాము రేకుల క్రింద నిద్రించుచున్నారు. 2024 సెప్టెంబరు నెలాఖరున మూసీ యొడ్డునగల యిండ్ల గోడలపై అధికారులు ఎఱ్ఱరంగుతో గుర్తులు వ్రాసిరి. అక్టోబరు మొదటివారమున చాదర్‌ఘాట్ ప్రాంతమున కొన్ని యిండ్లను కూల్చిరి. నది శుభ్రపడవలసినదే, 1908 నాటి వఱద మఱచిపోదగినది కాదు, కొందఱికి ప్రభుత్వము రెండు పడకగదుల యిండ్లు చూపినమాటయు నిజమే. నేను ప్రశ్నించునది క్రమమును. ఇంటిపన్ను రసీదులు, విద్యుత్తు రసీదులు చేతబట్టుకొని నిలిచిన వారి మాట ముందు విని పిదప గోడపై వ్రాయవలెనా, గోడపై వ్రాసి పిదప వినవలెనా? నాడు నేను సంచి దులిపించిన పిదప విచారించితిని. గోడలపై వ్రాసినవారి తొందరయు అట్టిదే.

చదువరులారా! మీరు సంస్కారాభిలాషులు, దయగలవారు. మిమ్ములను పెద్దపనులు చేయుడని కోరను. మీ యింట పనిచేయు నామె యీ నెలలో రెండుదినముల జీతము తగ్గినదని చెప్పినప్పుడు, వాదింపకముందు కూర్చుండి లెక్క చూడుడు. ఆ లెక్కను రెండు పుస్తకములలో వ్రాసి, ఒకటి యామెయొద్ద నుంచుడు. ఉంగరము కనబడనప్పుడు ముందు మీ పెట్టెలు వెదకుడు. ఆమె సంచి ముట్టకుడు. మీ యెఱుకలో నెవరైనను అన్యాయముగా వ్యాజ్యములో జిక్కినచో జిల్లా న్యాయసేవాధికారసంస్థకు తోడుగా గొనిపోవుడు. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకు, బాలురకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, నిర్బంధములో నున్నవారికి ఉచితముగా న్యాయవాదిని ఏర్పఱుపవలసియున్నది. ఆ చట్టమున్నదని వారికి దెలియదు, మీకు దెలియును. ఉపాధ్యాయ సోదరులకు నా మనవి: పోయిన వస్తువు నూఱు రూపాయలదైనను, వేయి రూపాయలదైనను, పేదపిల్లవాని సంచితో వెదకుట మొదలిడకుడు.

చలనచిత్రములను మానుడని నేనన లేదు. చూడుడు, ఏడుపు వచ్చినచో నేడువుడు. ఇంటికి వచ్చిన పిదప ఆ కన్నీటిని లెక్కలో జమవేసికొనకుడు. నేను నా విద్యార్థికి చేసిన యన్యాయమునకు ప్రాయశ్చిత్తము దొరకలేదు. వాని చదువును నేను తిరిగి యీయలేను. రేపు మఱియొక బాలుడు నా యెదుట నిలిచి “నేను తియ్యలేదు సార్” అనినప్పుడు, వానిని కూర్చుండబెట్టి, చెప్పునదంతయు జెప్పనిచ్చి, హాజరుపట్టీ అట్టను ముందుగా విప్పి చూచుటయే నాకు మిగిలిన పని.